రసమట్టం ఒప్పుకోని ఇల్లు

మా వైపు తాపీమేస్త్రి గోడకు తూగుగుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి చూస్తాడు. వెంట్రుకవాసి తేడా కనబడితే కట్టిన వరసంతా విప్పించేస్తాడు. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్‌లోని హిమ్లీ గ్రామం దగ్గర ఒక పబ్బుండేది. దాన్ని ఆయనకు చూపిస్తే ఏమనేవాడో! జనం పెట్టిన పేరే ‘క్రూకెడ్ హౌస్’, అంటే వంకరిల్లు.

కట్టినప్పుడు వంకరేమీ లేదు. 1765లో అదొక మామూలు రైతు ఇల్లు. తరవాత ఆ చుట్టుపక్కల భూమి కడుపులోంచి బొగ్గు తోడేశారు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో నేల కుంగి, ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. ఆ చివర ఈ చివరకన్నా దాదాపు 4 అడుగులు పల్లం. ఒరిగిన ఇంట్లోనే పబ్బు సాగింది.

అసలు తమాషా లోపల. అక్కడ గోళీ పెడితే ఎగువకు దొర్లినట్టు కనబడేది. గోళీ పాపం పల్లానికే పోయేది; మోసపోయేది కన్ను. గోడలు, తలుపులు, కిటికీలు అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే వైపు వాలితే, కన్ను ఆ వాలునే నిటారనుకుంటుంది. అందుకే నిటారుగా ఉన్న గడియారం ఒరిగినట్టుండేది. గ్లాసు ముట్టకముందే తూలే సదుపాయం మరే పబ్బులో ఉంటుంది?

1940ల్లో ప్రమాదకరమని కూల్చేయబోతే, ఒక బీరు కంపెనీ కొని, ఊతగోడలు కట్టి, ఇనుప దూలాలు బిగించింది. ఇక్కడ ఆ ఇంజనీర్లకు దణ్ణం పెట్టాలి. వంకర తియ్యలేదు, పెరగకుండా మాత్రం ఆపారు. చక్కగా నిలబెట్టి ఉంటే దాన్ని చూడ్డానికి పక్కూరివాళ్లు కూడా వచ్చేవాళ్లు కారు.

2023 ఆగస్టు 5 రాత్రి అది తగలబడింది. 7వ తేదీకల్లా మిగిలిన గోడల్నీ పడగొట్టేశారు. ప్రభుత్వ రక్షిత కట్టడాల జాబితాలో దాని పేరు లేదు. 2024 ఫిబ్రవరిలో స్థానిక కౌన్సిల్, మంటలకు ముందు ఎలా ఉందో అలాగే మళ్లీ కట్టమని యజమానులకు నోటీసిచ్చింది.

అలాగే అంటే, వంకరగానే!

ఆ పని ఒప్పుకోబోయే మేస్త్రి మీద నాకు జాలి. మొదటిసారి నేల తనంతట తాను చేసిన పనిని ఈసారి అతను కొలత పెట్టి చెయ్యాలి. రసమట్టంలో బుడగ సరిగ్గా నడిమికొచ్చి ఆగిందా, తప్పు కట్టినట్టే. ఇటుక తీసి మళ్లీ పెట్టాలి.