కరాచీలో మన చార్మినార్ దగ్గర

"ఏ హైదరాబాద్?"

కరాచీలో అందరూ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. వాళ్ళకీ ఒక హైదరాబాద్ ఉంది మరి, సింధు నది పక్కన. అందుకని మన ఊరిని వాళ్ళు 'హైదరాబాద్ దక్కన్' అంటారు. ఆ మాట చెప్పగానే ఆటో డ్రైవరు దగ్గర్నుంచి మందుల షాపాయన దాకా మొహాలు వెలిగిపోయేవి. "మా నానమ్మది దక్కనే" అన్నవాళ్ళు కనీసం ముగ్గురు.

నేను వెళ్ళింది 2018 మార్చిలో. వెళ్ళడానికి కారణం మలక్‌పేటలో మా పక్కింటి ఆపా. అప్పటికి ఆవిడకి 76 ఏళ్ళు. ఆవిడ చెల్లెలు 1968లో బంధువుల అబ్బాయిని పెళ్ళి చేసుకుని కరాచీ వెళ్ళిపోయారు. అక్కచెల్లెళ్ళు ఆఖరిసారి ఒకరినొకరు చూసుకున్నది 1987లో. "చచ్చేలోగా దాన్ని ఒక్కసారి చూపించండ్రా" అని ఆపా పోరు. పాస్‌పోర్టు మీద పాకిస్తాన్ స్టాంపు పడితే రేపు అమెరికా వీసాకి ఎక్కడ ఇబ్బందో అని కొడుకులిద్దరూ వెనక్కి తగ్గారు. బ్యాంకులో రిటైరై ఖాళీగా ఉన్న నేను దొరికాను. నాకింక ఏ అమెరికా వీసా అక్కర్లేదు.

మా బంధువులైతే "పిచ్చా నీకు?" అన్నారు. మా వదినగారు ఏకంగా ఆంజనేయస్వామి తాయెత్తు పంపించారు. అయిదు నెలలు తిరిగితే వీసా వచ్చింది, కరాచీ ఊరి వరకు మాత్రమే. దుబాయ్ మీదుగా వెళ్ళి, దిగాక పోలీసుల దగ్గర పేర్లు రాయించుకున్నాం. రిజిస్టరు రాస్తున్న కానిస్టేబుల్ నన్ను అడిగింది ఒకటే: "బాహుబలి మీవాళ్ళదేనా?" నిజానికి ఆ నెలాఖర్లోనే కరాచీలో జరిగే ఫిల్మ్ ఫెస్టివల్‌కి రాజమౌళిని ఆహ్వానించారు కూడా. తాయెత్తు కన్నా బాహుబలి బాగా పనిచేసిందని మా వదినకి ఫోన్‌లో చెప్పాను.

ఎయిర్‌పోర్టు బయట అక్కచెల్లెళ్ళిద్దరూ కలుసుకున్నప్పుడు ఏడుపులుంటాయని నేను కర్చీఫ్ తీసి పెట్టుకున్నాను. ఏడవలేదు. చిన్న ఆపా అక్కని పైనుంచి కిందికి చూసి, "ఇంత లావయ్యావేంటి?" అన్నారు దక్కనీలో. తర్వాత నా వైపు తిరిగి, "ఏమమ్మా, మంచిగున్నవా? తిన్నవా?" అన్నారు. తెలుగు! యాభై ఏళ్ళ కింద మలక్‌పేట ఇంట్లో పనిచేసిన అమ్మాయి దగ్గర నేర్చుకున్నారట. ఆవిడకి గుర్తున్న తెలుగు అదే. నా కర్చీఫ్ నాకే పనికొచ్చింది.

మిర్చీ కా సాలన్ వాసన

జైలు రోడ్డు పక్కన 'హైదరాబాద్ కాలనీ' అని ఉంది. దేశ విభజన తర్వాత, పోలీస్ యాక్షన్ తర్వాత మన ఊరి నుంచి వెళ్ళినవాళ్ళు స్థిరపడిన చోటు. పచ్చళ్ళకి పేరు. సందులోకి అడుగు పెట్టగానే ఆవాలు, చింతపండు, ఎండుమిరపకాయల ఘాటు. బగారా బైంగన్, ఖట్టీ దాల్, మిర్చీ కా సాలన్ అన్నీ దొరుకుతాయి. అక్కడికి దగ్గర్లో బహాదురాబాద్ చౌరాస్తాలో ఏకంగా చార్మినార్ కట్టుకున్నారు. మనదంత పెద్దది కాదు. చుట్టూ ట్రాఫిక్ మాత్రం అచ్చం మనలాగే. ఆపా దాన్ని చూసి, "చిన్నప్పుడు తప్పిపోయిన మనవడిలా ఉంది" అన్నారు.

ఇంట్లో చిన్న ఆపా, కొడుకు, కోడలు, మనవరాలు. మనవరాలికి 21. యూనివర్సిటీలో జర్నలిజం చదువుతోంది. రాత్రి ఎనిమిదైతే చాలు, హాల్లో టీవీ కోసం యుద్ధం. తండ్రికి చర్చలు కావాలి. ఆడవాళ్ళకి సీరియల్ కావాలి. ఆ చర్చలు చూస్తే నాకు మన ఛానెళ్ళే గుర్తొచ్చాయి. నలుగురు నాలుగు డబ్బాల్లో కూచుని ఒకరి మాట ఒకరు విననట్టు అరుచుకోవడం. 2002లో ప్రైవేటు ఛానెళ్ళకి తలుపులు తెరిచేదాకా అక్కడ ప్రభుత్వ టీవీ ఒక్కటే వార్తలు చెప్పేది. ఆ రోజుల్లోనే 'తన్హాయియాఁ', 'ధూప్ కినారే' లాంటి సీరియళ్ళు వచ్చాయి. వాటి వీడియో క్యాసెట్లు మన హైదరాబాద్ దాకా తిరిగాయి. ఆపా ఇంట్లో వీసీఆర్ ముందు నేనూ కూచున్నదాన్నే.

"చర్చల్లో అన్నీ మాట్లాడతారు కదా, ఇంకేం కావాలి?" అన్నాను ఆ అమ్మాయితో.

"అన్నీ కాదు ఖాలా. ఫోన్ వస్తే ఆపేస్తారు."

"ఎవరి దగ్గర్నుంచి?"

వేలితో పైకప్పు చూపించింది. "దేవుడా?" అన్నాను. "ఫరిష్తే" అని నవ్వింది. దేవదూతలన్నమాట. పేరు పలకకుండా ఆ మాట వాడతారు. మేము తిరిగొచ్చిన కొద్దిరోజులకే దేశంలో చాలాచోట్ల పెద్ద న్యూస్ ఛానెల్ జియో కేబుల్లోంచి మాయమైంది. ఆపమన్నది ఎవరో ఎవరూ ఒప్పుకోలేదు. దాన్ని చూసి నవ్వే హక్కు మనకెంతుందో ఆలోచించి ఊరుకున్నాను.

ఒకే నెలలో ఎన్నో

ఆ మార్చి నెల ఎందుకో విచిత్రమైనది. మేము వెళ్ళడానికి కొన్ని వారాల ముందు లాయర్ అస్మా జహంగీర్ లాహోర్‌లో చనిపోయారు. ఆవిడ జనాజా నమాజులో ఆడవాళ్ళు మగవాళ్ళతో పాటు నిలబడ్డారని ఇంకా ఇంటింటా వాదన నడుస్తోంది. మార్చి 3న కృష్ణ కుమారి కోహ్లీ సింధ్ నుంచి సెనేట్‌కి ఎన్నికయ్యారు. థార్ ఎడారి ప్రాంతపు దళిత హిందూ మహిళ. చిన్నప్పుడు కుటుంబంతో సహా ఒక భూస్వామి ప్రైవేటు జైల్లో వెట్టిచాకిరీ చేసిన మనిషి. తెలంగాణలో పుట్టినదాన్ని, వెట్టి అంటే నాకు వేరే ఎవరూ వివరించక్కర్లేదు. ఆ నెలలోనే మార్వియా మలిక్ అనే ట్రాన్స్‌జెండర్ ఒక ఛానెల్లో వార్తలు చదివారు. తొమ్మిదేళ్ళ తర్వాత కరాచీ స్టేడియంలో పెద్ద క్రికెట్ మ్యాచ్, పీఎస్ఎల్ ఫైనల్. రోడ్లన్నీ బ్యానర్లు.

ఇక మార్చి 8న ఫ్రియర్ హాల్ దగ్గర ఆడవాళ్ళ ఊరేగింపు. మొట్టమొదటి 'ఔరత్ మార్చ్'. ఆ అమ్మాయి వెళ్తానంది. తండ్రి వద్దన్నాడు.

ఆయన చెడ్డమనిషి కాదు. కూతుర్ని కాలేజీకి రోజూ తానే దింపుతాడు. ఆయన భయం ఆయనది. 2015లో ఇదే ఊళ్ళో సబీన్ మహమూద్‌ని కాల్చి చంపారు. తను నడిపే 'ది సెకండ్ ఫ్లోర్' అనే చోట బలూచిస్తాన్ మీద చర్చ పెట్టి, తల్లితో కలిసి కార్లో ఇంటికెళ్తుంటే. 2017లో మర్దాన్‌లో మషాల్ ఖాన్ అనే విద్యార్థిని, దైవదూషణ చేశాడన్న పుకారుతో తోటి విద్యార్థులే యూనివర్సిటీలో కొట్టి చంపారు. "రేపు దీని ఫొటో ఎవడో ఫోన్‌లో పెట్టి ఏదో రాస్తాడు. ఆ తర్వాత నేనేం చెయ్యాలి బాజీ?" అన్నాడు నాతో. జవాబు నా దగ్గర లేదు. ఆ తర్వాత "లోగ్ క్యా కహేంగే" అన్నాడు. నలుగురూ ఏమనుకుంటారు? ఈ మాటకి మాత్రం వీసా అక్కర్లేదు, రెండు వైపులా తిరుగుతుంది.

వాదన తెంచింది చిన్న ఆపా. "నేను తీసుకెళ్తా. ముసలిదాన్ని ఎవరేమంటారు?"

మా ఇద్దరి సంగతి వేరు. వీసా మీద వచ్చినవాళ్ళం, ఊరేగింపుల జోలికి పోకూడదు. పోతే మాకు కాదు, మమ్మల్ని పిలిచిన ఆ ఇంటికి తిప్పలు. అందుకని ఆపా, నేను దూరంగా చెట్టు కింద కార్లోనే కూచున్నాం. సిగ్గుగానే ఉంది, కానీ అంతే. ఫ్రియర్ హాల్ 1865 నాటి బ్రిటిష్ కట్టడం. లోపల కప్పు మీద సాదిఖైన్ బొమ్మలు. 1987లో ఆయన పోయేనాటికి అవి పూర్తి కాలేదు. ఆ తోటలోకి ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా వెళ్తున్నారు. జీన్స్ వాళ్ళు, బురఖా వాళ్ళు, చంకలో పిల్లలతో కూలి పని వాళ్ళు. చేతిరాత అట్టముక్కలు. వాటిలో ఒకటి తర్వాత దేశమంతా గోల చేసింది: 'నీ అన్నం నువ్వే వేడి చేసుకో.'

ఆపాకి ఉర్దూలో చదివి వినిపించక్కర్లేదుగా. చూసి కిసుక్కున నవ్వారు. "ఇంతేనా? దీనికింత దూరం రావాలా?" అన్నారు. కాసేపాగి, "యాభై ఏళ్ళలో ఈ మాట నేనెప్పుడూ అనలేదే" అన్నారు. అప్పుడు నవ్వలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర

టీవీల నిండా, ఫోన్ల నిండా అదే అట్టముక్క. సంస్కృతి మంటగలిసిపోయిందన్నారు. అన్నం వేడి చేసుకోమంటే దేశం కూలిపోతుందా అని ఇంకొందరు. తండ్రి కోపంగా, "కడుపు నిండినవాళ్ళ గోల ఇది. పల్లెల్లో ఆడపిల్లల్ని పరువు పేరుతో చంపుతుంటే, వీళ్ళకి అన్నం వేడి ముఖ్యమా?" అన్నాడు.

అందులో నిజం లేకపోలేదు. 2016లో కందీల్ బలోచ్‌ని సొంత తమ్ముడే చంపాడు. ఆ తర్వాతే, హంతకుణ్ణి కుటుంబం క్షమించేస్తే శిక్ష తప్పిపోయే దారిని మూసేస్తూ చట్టం చేశారు. కూతురు మెల్లగా అంది: "అబ్బూ, కందీల్ గురించి కూడా అట్టలు పట్టుకున్నారు. టీవీలో మీకు అన్నం అట్ట ఒక్కటే చూపించారు."

ఎవరూ మాట్లాడలేదు. చిన్న ఆపా మాత్రం, వంటింట్లోకి లేవబోయిన కోడల్ని చేత్తో ఆపి, కొడుకు కంచం వైపు చూశారు. "సాలన్ చల్లారింది" అన్నారు. ఆయన ఒక నిమిషం కూచున్నాడు. తర్వాత కంచం తీసుకుని లేచాడు. వంటింట్లోంచి స్టవ్ ఎలా వెలిగించాలో అడిగే కేక వినిపించింది. అంత సీరియస్ వాతావరణంలోనూ అందరం పగలబడి నవ్వాం.

మర్నాడు ఆ అమ్మాయి నన్ను వీధి చివర క్వెట్టా హోటల్‌కి తీసుకెళ్ళింది. రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలు, చిక్కటి టీ, పరాఠా. అన్నీ మగవాళ్ళవే బల్లలు. ఆడవాళ్ళెవరైనా వస్తే లోపల 'ఫ్యామిలీ' గదిలోకి పంపిస్తారు. మేము బయటే కూచున్నాం. "ఇలా ధాబాల్లో కూచోవడం కూడా ఇక్కడ ఒక ఉద్యమమే ఖాలా. మూడేళ్ళ కింద మొదలుపెట్టారు" అంది. చూపులు గుచ్చుకున్నాయి, చెప్పొద్దూ. మా ఊళ్ళో ఇరానీ హోటల్లో ఒంటరిగా ఎన్నిసార్లు కూచున్నానా అని లెక్కేసుకున్నాను. ఒక్కసారీ లేదు. అరవయ్యేళ్ళు దగ్గర పడుతున్న నేను తొలిసారి రోడ్డు పక్కన తీరిగ్గా టీ తాగింది కరాచీలో.

ఇప్పుడు

ఆ అమ్మాయికి తర్వాత ఒక ఛానెల్లో ఉద్యోగం వచ్చింది. 2020 మార్చి మొదట్లో ఒక పేరున్న సీరియల్ రచయిత, లైవ్ చర్చలో ఒక మహిళా కార్యకర్తను నోటికొచ్చినట్టు తిట్టాడు. అంతకు ముందు జనవరిలోనే ఆయన సీరియల్ ఆఖరి భాగాన్ని జనం సినిమా హాళ్ళకెళ్ళి చూశారు. తిట్టిన తర్వాత ఒక పెద్ద ఛానెల్ ఆయనతో ఒప్పందం నిలిపేసింది. "చప్పట్లు కొట్టినవాళ్ళూ ఉన్నారు, ఛీ అన్నవాళ్ళూ ఉన్నారు ఖాలా. అంతకు ముందైతే ఛీ అనేవాళ్ళు ఇంతమంది ఉండేవాళ్ళు కాదు" అంది ఫోన్‌లో. ఆ అమ్మాయి లెక్క అది.

2025 ఏప్రిల్‌లో పహల్గామ్ ఘోరం తర్వాత వీసాలు రద్దయ్యాయి, అటారీ గేటు మూతపడింది. అక్కడి సీరియళ్ళ యూట్యూబ్ ఛానెళ్ళు ఇక్కడ కనబడకుండా పోయాయి. అక్కడ రేడియోల్లో మన పాటలు ఆపేశారు. ఆపాకి 83 వచ్చాయి, కళ్ళు సరిగా ఆనవు. వినైనా వినేదాన్నే, ఆ సీరియల్ మధ్యలో ఆగిపోయిందని ఆవిడ బెంగ.

ఇప్పుడు ప్రతి రాత్రీ తొమ్మిదిన్నరకి వాట్సాప్‌లో చిన్న ఆపా ఫోన్ వస్తుంది. ఆ రోజు ఎపిసోడ్‌లో ఏమైందో, ఎవరు ఎవర్ని తిట్టారో, అత్త ఏం కట్టుకుందో అన్నీ పూసగుచ్చినట్టు చెబుతారు. ఆపా ఇక్కణ్ణుంచి "నక్కో! ఆ పిల్ల వాడితో వెళ్ళొద్దని చెప్పు" అని అరుస్తుంటారు. గోడ ఇవతల నాకు వినిపిస్తూనే ఉంటుంది. నిన్నటి ఎపిసోడ్ నేనూ ఫాలో అయ్యాను.