ఇస్కపల్లి ఉప్పు మళ్ల నుంచి తిరుపతికి

అల్లూరు దాటి ఇస్కపల్లి వైపు పోయేకొద్దీ వరి మళ్లు తగ్గి రొయ్యల గుంటలు, ఆ తర్వాత ఉప్పు మళ్లు వస్తాయి. మార్చి ఎండకి ఉప్పు కుప్పల వైపు చూడలేకపోయాను. ముందు నడుస్తున్న ఆశా కార్యకర్త సంచిలో బిడ్డల్ని తూచే త్రాసు, థర్మామీటరు ఉన్నాయి. ఆసుపత్రిలో కాన్పయితే మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు ఆమె ఆ ఇంటికి పోవాలి. మేం పోతున్న ఇంట్లో ఆ ఆరూ ఎప్పుడో అయిపోయాయి. "అయినా పోతుంటా మేడం, ఆ బిడ్డ సంగతి వేరు" అంది.

బిడ్డకు గుండెలో రంధ్రం. పోయిన వేసవిలో తిరుపతిలో ఆపరేషనైంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉప్పు కూలీలే. "ఒక్క రూపాయి అడగలేదక్కా" అని ఆ తల్లి ముందుగా చెప్పింది. చిన్న మాటేం కాదది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం, 2021లో టీటీడీ తెరిచిన పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం లేకపోతే ఇలాంటి ఇళ్లలో ఆ మాట వినిపించేది కాదు.

అయినా ఆ ఇంటికి అప్పైంది. ఎందుకైందని అడిగాను.

"ఇద్దరం పోవాల గదక్కా. పోయిన రోజుకి కూలి యాడిది?" అన్నాడు తండ్రి. ఉప్పు పని ఏడాది పొడుగునా ఉండదు. వానలు దిగితే మళ్లు మునుగుతాయి. ఎండాకాలం సంపాదనతోనే మిగతా నెలలు నెట్టుకురావాలి. ఆపరేషన్ సరిగ్గా ఆ ఎండల్లోనే వచ్చింది.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. మాతృవందన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు. బిడ్డ ఆరోగ్యంగా ఉన్నా, ఐసీయూలో ఉన్నా అంతే. వికలాంగుల పింఛను 6,000, కానీ 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో గుండె జబ్బు లేదు. జననీ శిశు సురక్ష కింద ఏడాది లోపు బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, రక్తం, రవాణా ఉచితం. తల్లికి భోజనం మాత్రం మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియనైతే ఏడు. ఆ తర్వాత బిడ్డ కోసం ఆసుపత్రిలో ఉండిపోయిన తల్లి ఏం తిని పాలివ్వాలో ఆ పట్టీ రాసినవాళ్లే చెప్పాలి.

2019 డిసెంబరులో వచ్చిన ఆరోగ్య ఆసరా ఈ లోటుకు కొంత దగ్గరగా వచ్చింది. డిశ్చార్జి అయ్యాక కోలుకునే రోజులకు రోజుకు 225, నెలకు 5,000 మించకుండా ఇస్తామన్నారు. రోగి కూలి పోతుందన్న ఎరుక అందులో ఉంది. రోగి చంటిబిడ్డైతే పోయేది అమ్మానాన్నల కూలి. నన్నడిగితే వాళ్ల రోజుల్నే లెక్కగట్టి, డిశ్చార్జి కాగితం చూసి డబ్బు వెయ్యాలి.

అమ్మానాన్నల రోజుల్ని లెక్కలోకి తీసుకున్న చోటూ ఉంది. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి, పుట్టిన 28 రోజుల్లోపే ఆసుపత్రిలో చేరి వరసగా ఏడు రోజులైనా ఉన్న బిడ్డల తల్లిదండ్రులకు 12 వారాల దాకా అదనపు సెలవు ఇస్తున్నారు. అదీ ఉద్యోగులకే. మన 26 వారాల ప్రసూతి సెలవూ అంతే. ఉప్పు మడికి హాజరుపట్టీ ఎక్కడిది?

ఇస్కపల్లి బిడ్డకు వచ్చే వారం మళ్లీ చెకప్ ఉందట. ఈసారి తల్లి ఒక్కతే బిడ్డనెత్తుకుని నెల్లూరులో బస్సు మారి పోతుంది. తండ్రి పనిలోకి పోతాడు, ఒక కూలన్నా దక్కుతుందని.