మందులు ఉచితమే గానీ...

మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు పట్టుకుంటే ఏం చేస్తారు? మిరియాల కషాయం, పాలలో పసుపు, అప్పటికీ తగ్గకపోతే మందుల షాపు నుంచి ఓ సీసా. అంతేగా! 2022లో మా గేదెల పని చూసే ఆమెకి దగ్గు వచ్చినప్పుడు నేనూ కషాయమే కాచి ఇచ్చాను. నెల దాటినా తగ్గలేదు. ఊళ్ళో ఆరెంపీ దగ్గర సూదిమందులకీ సిరప్పులకీ పన్నెండు వందలు పోసింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులైపోయాయి. అడిగితే, "పనెక్కువై నలిగానులేమ్మా" అనేది.

చివరికి ఆశా అమ్మాయి చూసి, రెండు వారాలు దాటిన దగ్గంటే కళ్ళె పరీక్ష చేయించాల్సిందేనని కేకలేసింది. పరీక్ష ఉచితం. కానీ ఆసుపత్రి మా ఊరికి పదకొండు కిలోమీటర్లు. కళ్ళె రెండుసార్లు ఇవ్వాలన్నారు, వెళ్ళినప్పుడొకటి, మర్నాడు పొద్దున లేవగానే పట్టింది ఇంకొకటి. రెండు రోజుల కూలి ఆరొందలు, ఆటోకి నూట అరవై. ఇంటి పద్దు రాసే అలవాటు కదండీ, లెక్క వేసి చూశాను. ఉచిత పరీక్షకి ఏడొందల అరవై!

క్షయ అని తేలింది. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. ఆ రోజే ఆమె టీ గ్లాసు విడిగా తీసి చూరు కింద పెట్టాను. ఈ జబ్బు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలో వస్తుందే గానీ గ్లాసులతో, కంచాలతో అంటదు. ఇంటర్‌లో బైపీసీ చదివిన నాకు ఆ సంగతి తెలియక కాదు. అయినా పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మాత్రం టీ వద్దంది.

వెనకటి రోజుల్లో క్షయ అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరే చెప్పేవారు. అది 1915లో మొదలైంది. అక్కడిదాకా వెళ్ళి నెలల తరబడి ఉండగలిగినవాళ్ళెందరు? ఇంట్లో ఉండి మందులు మింగినా జబ్బు అంత బాగానూ నయమవుతుందని మద్రాసులో పేద రోగుల మీద చేసిన పరిశోధన 1959లో తేల్చింది. ఎంత మేలు! అయితే, శానిటోరియంలో తిండి, విశ్రాంతి వాళ్ళే చూసేవారు. ఇప్పుడు అవి కూడా ఆ ఇల్లాలే చూసుకోవాలి.

ఆరు నెలల మందులు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత మూడు. మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమేమోనని హడలిపోయింది. మందు రంగేనని ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. మాత్రలు పడితే కడుపులో తిప్పేది. తిండి కోసం 2018 నుంచి ప్రభుత్వం నెలకి అయిదొందలు ఇస్తోంది, 2024 నవంబరు నుంచి వెయ్యి చేసింది. ఈమెకి మాత్రం ఖాతా చిక్కులు తీరి మొదటి డబ్బు పడేసరికి నాలుగో నెల. అందాకా నేను వేరుశనగ ఉండలు చేసి, గుడ్లు ఇచ్చి పంపాను. గ్లాసు సంగతి మనసులో పొడుస్తూనే ఉంది మరి.

అసలు కష్టం జనవరిలో వచ్చింది. దగ్గు తగ్గింది, ఒళ్ళు తేలికపడింది. మిరపకోతలకి గుంటూరు వైపు ఊరు ఊరంతా కదులుతోంది. "నేను పోకపోతే అప్పెట్టా తీరుద్దమ్మా? తగ్గిందిగా, మాత్రలు ఆపేస్తా" అంది. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని, అప్పుడు ఈ మందులు పనిచేయకపోవచ్చని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆశా అమ్మాయిదే తెలివి. నెలకి సరిపడా మాత్రలు చేతికిప్పించి, వెళ్ళే ఊరి ఆసుపత్రికి పేరు బదిలీ చేయించింది. వలస వెళ్ళినా వైద్యం ఆగదని నాకూ అప్పుడే తెలిసింది. మీ దగ్గర పనిచేసేవాళ్ళకి కూడా చెప్పండి, వెళ్ళేముందే ఆసుపత్రిలో ఆ మాట అనాలి.

ఆమె పిల్లలిద్దరికీ పరీక్ష చేసి, జబ్బు లేదని తేలాక రాకుండా మాత్రలిచ్చారు. 2023 మే నెలలో ఆమెకి ఆఖరి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. చూరు కింది గ్లాసు నేను ఎప్పుడో తీసి మిగతావాటిలో కలిపేశాను. ఆమె మా ఇంట్లో టీ తాగడానికి మాత్రం ఇంకో నెల పట్టింది.