దయ్యానికి గతమెందుకు?

తెలుగు తెర మీది హాస్య దయ్యానికి కొన్నేళ్లుగా ఒక జబ్బు పట్టుకుంది: కథ సగం దాటగానే అది నవ్వించడం మానేసి, తన పూర్వకథ చెప్పుకుని ఏడవడం మొదలుపెడుతుంది. అంతవరకూ దీపాలార్పి, తలుపులు దబదబా బాది, పిరికివాళ్లను మిద్దె మెట్ల మీద పైకీ కిందికీ పరుగెత్తించిన దయ్యం ఉన్నట్టుండి అన్యాయానికి బలైపోయిన అమాయకురాలిగా మారిపోతుంది, దుర్మార్గుడొకడు బయటపడతాడు, హత్య ఎలా జరిగిందో వివరంగా చూపిస్తారు, హాయిగా నవ్వుకుందామని కూర్చున్నవాళ్లు బరువెక్కిన మనసుతో లేచి వెళ్తారు. సినిమావాళ్లు ఫ్లాష్‌బ్యాక్ అనే ఈ వెనకటి కథ ‘గీతాంజలి’ (2014)లో ఉంది, దయ్యాలే మనుషులకు భయపడతాయన్న చక్కని ఊహతో మొదలైన ‘ఆనందో బ్రహ్మ’ (2017)లోనూ ఉంది. ఇవి చేతకాని చిత్రాలు కావు. నవ్వించినంతసేపూ బాగా నవ్వించినవే, కాబట్టే ఆ నవ్వు నడిమధ్యలో ఆగిపోవడం మరింత బాధ పెడుతుంది. తమాషా దయ్యం తమాషాగా వచ్చి తమాషాగానే వెళ్లిపోవడం దానికదే ఒక కళ. ఆ కళకు అరగంట టీవీ ఎపిసోడ్ సరిగ్గా సరిపోయే కొలత, పైగా దానికి కడప జిల్లాతో పాత చుట్టరికం కూడా ఉంది.

భారతీయ అలంకారశాస్త్రం, అంటే కావ్యానికి అందం ఎక్కడి నుంచి వస్తుందో విచారించే శాస్త్రం, ఈ విషయంలో సగం సరిగ్గానూ సగం పొరపాటుగానూ తీర్పు చెప్పింది. నాట్యశాస్త్రంలో భరతుడు ఎనిమిది రసాలను లెక్కించి, శృంగారం నుంచి హాస్యం, బీభత్సం నుంచి భయానకం పుడతాయన్నాడు. మనిషి మనసులో ఎప్పుడూ నిలిచి ఉండే భావాన్ని స్థాయిభావం అంటారు; ప్రదర్శన చూస్తున్నప్పుడు అది ఆస్వాదించదగిన స్థితికి రావడమే రసం. 14వ శతాబ్దపు విశ్వనాథుడు తన సాహిత్యదర్పణంలో ఏ రసానికి ఏ రసం పొసగదో చెబుతూ, హాస్యానికి భయానకమూ కరుణమూ రెండూ విరోధులేనని తేల్చాడు. కరుణం గురించి ఆయన అన్నది అక్షరాలా నిజం, ఏడ్చే దయ్యాల సినిమాలన్నీ అందుకు సాక్ష్యాలే. భయానకం గురించి అన్నదానిని మాత్రం తోలుబొమ్మలాట చూసిన రాయలసీమ మనిషి ఎవరూ ఒప్పుకోరు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు నేటికీ నిలబెడుతున్న ఆ ఆటలో, దీపపు వెలుగుకు పది తలల రావణుడు తెర నిండా ఊగిపోయి పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్న సమయంలోనే హాస్యపు బొమ్మలైన జుట్టుపోలిగాడూ బంగారక్కా ఊడిపడి జగడానికి దిగుతారు, ఒక్క క్షణం కింద బిక్కచచ్చిన పిల్లలే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. భయం గుండెను ముందే పరుగెత్తించి ఉంచుతుంది, ఊపిరి బిగబట్టి ఉంచుతుంది. ప్రమాదమేమీ లేదని తెలిసిన మరుక్షణం ఆ బిగువంతా ఎటో ఒకవైపు బయటికి పోవాలి కనుక నవ్వుగా పోతుంది. దుఃఖానికి ఈ గుణం లేదు, అది ఒంట్లోకి దిగిన తరవాత సత్తువనంతా లాగేసుకుంటుంది, నవ్వడానికి ఏమీ మిగల్చదు.

ఈ తమాషా దయ్యపు కళ టీవీలో తన నిజమైన రూపం చూపించుకున్నది రామానంద సాగర్ 1985లో దూరదర్శన్‌కు తీసిన ‘విక్రమ్ ఔర్ బేతాళ్’లో. అరుణ్ గోవిల్ విక్రమార్కుడు, సజ్జన్ బేతాళుడు. తెల్లని జుట్టు విరబోసుకున్న ఆ ముసలి బేతాళుడు మొదటి క్షణంలో భయపెడతాడు, భుజమెక్కగానే కబుర్ల పోగు అయిపోతాడు, కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరిస్తాడు, రాజు నోరు విప్పి మౌనం భంగం చేయగానే పకపకా నవ్వుతూ మళ్లీ చెట్టుకు ఎగిరిపోతాడు. ఆనాటి ట్రిక్కులు నేటి కంటికి ఎంత నాటుగా కనిపించినా, శవం ఎగిరిపోయే ఆ ఒక్క నిమిషం కోసం పిల్లలు వారమంతా కాచుకునేవారు. ధారావాహిక హిందీలో ఉన్నా తెలుగు పల్లెల్లో కథ అర్థం కాకపోవడమనే మాటే లేదు, ఎందుకంటే ఆ కథ వాళ్లకు ‘చందమామ’ నెలనెలా ముందే చెప్పి పెట్టింది.

చందమామ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగక తప్పదు. 1947 జులైలో చక్రపాణితో కలిసి ఆ పత్రికను స్థాపించిన బి.నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవాడు. ముద్దనూరు రైలుస్టేషన్లో మద్రాసు బండి కోసం ఎదురుచూస్తూ చందమామ తిరగేసిన పిల్లలకు ఆ పత్రిక పుట్టుకలో తమ జిల్లావాడి చేయి ఉందని తెలిసి ఉండకపోవచ్చుగానీ, దాని రుచి మాత్రం బాగా తెలుసు. బేతాళ కథలు మొదట 25. 11వ శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడి కథాసరిత్సాగరంలో అవి ఉన్నాయి, వాటికి మూలమని చెప్పే గుణాఢ్యుడి బృహత్కథ పైశాచీ భాషలో వెలసిందని ప్రతీతి. ఆ 25 అయిపోయిన తరవాత కూడా చందమామ ఆగలేదు. కొడవటిగంటి కుటుంబరావు వంటి గట్టి రచయిత సంపాదకత్వంలో అదే చెట్టు, అదే శ్మశానం, అదే రాజు పెట్టుకుని కొత్త కథలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. ఒక చేత కత్తి, భుజం మీద శవంతో రాజు నడిచిపోతున్నట్టు శంకర్ గీసిన బొమ్మ కథకు ముందే సగం పని చేసేది: పుర్రెలు చూసి భయపడ్డ పిల్లవాడు, శవం మొహంలోని కొంటెతనం చూసి ధైర్యం తెచ్చుకునేవాడు.

ఇన్ని కథలు చెప్పిన బేతాళుడు చందమామలో ఏ నెలా తన గతం తవ్వుకుని కన్నీళ్లు పెట్టుకోలేదు. తానెవరి శవంలో ఉన్నాడో, ఆ మనిషి ఎలా చచ్చాడో, ఎవరి మీద పగ తీర్చుకోవాలో అతను చెప్పడు, పాఠకుడూ అడగడు. అతనికి ఉన్న పని ఒక్కటే, దారి పొడుగునా రాజుకు పొద్దుపోయేలా చేయడం. ఈ నిగ్రహంలోనే ఆ కథల ఆయుష్షు ఉంది. గతం ఒకసారి చెప్పేస్తే దయ్యం కథ అక్కడితో తీరిపోతుంది, పగ తీరిన దయ్యానికి రెండో వారం రావడానికి కారణముండదు. ఎగిరిపోయి చెట్టెక్కిన దయ్యం మాత్రం ఎన్ని వారాలైనా దిగి రాగలదు.

టీవీ చేరిన కొత్తల్లో ఇటు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నుంచి అటు పులివెందుల వరకు ఏ ఊళ్లో చూసినా ఇలాంటి ఎపిసోడ్ ఒంటరిగా చూసేది కాదు. టీవీ ఉన్న ఇంటి వసారాలో నాపరాళ్ల మీద చాప పరిచేవారు, బొరుగులూ వేయించిన చెనక్కాయ విత్తనాలూ చాటలో పోసి మధ్యన పెట్టేవారు, చిన్నపిల్లలు జేజి, అంటే నాయనమ్మ, వెనక నక్కి ఆమె కొంగు సందులోంచి చూసేవారు. “కండ్లు మూసుకోరా నాయనా, అది పోయినంక చెప్తాలే” అనే జేజి, దయ్యం పోయినా చెప్పేది కాదు, ఎందుకంటే ఆమె కూడా కళ్లు మూసుకునే ఉండేది. అరిచింది ఎవరో, ఎవరి చేయి ఎవరు పట్టుకున్నారో, బొరుగుల చాట తన్నేసింది ఎవరో మర్నాడు బడి దాకా చర్చ నడిచేది. తెర మీది తమాషాలో సగం తెర ముందరే జరిగేది. ఈ సామూహిక ఆనందానికి గొప్ప కథ అక్కరలేదు, పిచ్చి కథే మేలు, ఎందుకంటే పిచ్చి కథ మాట్లాడుకోవడానికి చోటిస్తుంది, గొప్ప కథ నోరు మూయించి కూర్చోబెడుతుంది.

టీవీకి చాలా ముందే, తెలుగువాళ్లు ఈ విద్యలో ఆరితేరారనడానికి కె.వి.రెడ్డి తీసిన రెండు విజయా చిత్రాలే చాలు. ‘మాయాబజార్’ (1957)లో కౌరవుల తరఫున వచ్చిన శర్మ, శాస్త్రి అనే ఇద్దరు పురోహితులను ఘటోత్కచుడి మనుషులు ఏర్పాటు చేసిన కంబళీ, మంచమూ తిప్పలు పెట్టే ఘట్టం భూతాల కొంపలో జరిగే హాస్యానికి పరిపూర్ణమైన నమూనా. ఆ చిత్రంలో వాటి పేర్లు గింబళి, గిల్పం. కంబళి దానంతటదే చుట్టుకుపోతుంది, మంచం తిరగబడుతుంది, వంగర వెంకట సుబ్బయ్య, అల్లు రామలింగయ్య పడ్డ అవస్థ చూసి నవ్వనివాళ్లు లేరు. కానీ ఆ గదిలో వస్తువులకు ప్రాణమెందుకు వచ్చిందో, అవి పూర్వజన్మలో ఎవరో దర్శకుడు చెప్పలేదు. ‘పాతాళభైరవి’ (1951) ఇంకా ఒక మెట్టు పైన ఉంటుంది. ఎస్.వి.రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు నిజంగా భయంకరుడు, అతని చూపుకే పిల్లలు దడుసుకున్నారు. అంతటివాణ్ణి చివరికి కథానాయకుడి నేస్తం అంజిగాడు, మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి వేషంలో చేరి, రాజకుమారి మనసు కరగాలంటే గడ్డం తీయించుకోవాలని నమ్మిస్తాడు. శక్తంతా గడ్డంలోనే ఉన్న మాంత్రికుడు పెళ్లికొడుకులా మురిసిపోతూ క్షవరానికి కూర్చుంటాడు. ఆ దృశ్యంలో భయం ఎక్కడికీ పోలేదు, కత్తి ఆడుతున్నంతసేపూ అతనికి అనుమానం వస్తే ఏమవుతుందోనన్న గుబులు అలాగే ఉంది. దాని మీదనే నవ్వు నిలబడింది. ఈ రెండూ ఇంత నేర్పుగా ఒకే చోట కలిసిన ఘట్టం తెలుగులో మరొకటి దొరకడం కష్టం.

పై దేశాల వాళ్ల పద్ధతి వేరు. అమెరికాలో 1969లో మొదలై, తరవాత ఇక్కడి పిల్లలకూ చేరువైన ‘స్కూబీ డూ’ కార్టూన్లో పిరికి కుక్కా, దాని పిరికి స్నేహితుడూ దయ్యాన్ని చూసి పరుగులు తీయడం చాలా సరదాగా ఉంటుంది గానీ, చివర్లో ముసుగు లాగి చూస్తే దయ్యం కాదు, డబ్బు మీద ఆశపడ్డ మనిషి. హేతువాదానికి అది మేలు చేస్తుందేమో, సరదాకు మాత్రం తీరని నష్టం. ముసుగు కింద మనిషి ఉండడం, దయ్యం వెనక విషాదం ఉండడం ఒకే రకం తప్పులు. రెండూ దయ్యాన్ని దయ్యంగా ఉండనివ్వవు.

తెలుగు టీవీకి ఈ పని చేతకాదనడానికీ వీల్లేదు. గుణ్ణం గంగరాజు జెమినీలో 2001 నుంచి 2007 వరకు నడిపించిన ‘అమృతం’ సిట్యుయేషన్ కామెడీకి, అంటే ఎరిగిన మనుషులను వారానికొక కొత్త ఇరకాటంలో పడేసి నవ్వించే పద్ధతికి, తెలుగులో గట్టి ఉదాహరణ. అరగంట తిరిగేసరికి అమృతరావూ ఆంజనేయులూ మొదలైన చోటికే వచ్చి చేరతారు, ఏ పాఠమూ నేర్చుకోరు, ఏమీ మారరు. దయ్యం అడుగు పెట్టవలసిన ఇల్లు ఇలాంటిదే. అక్కడ దానికి గతంతో పనిలేదు, గుండు హనుమంతరావు ఆంజనేయులుగా ఎలా వణుకుతాడో చూడడమే ప్రేక్షకుడికి కావాలి. రెండున్నర గంటల సినిమా మాత్రం నిండాలి కనుక, ఒక్క వణుకుతో నిండదు కనుక, రచయితలు పగనూ కన్నీళ్లనూ తెచ్చి కుమ్మరిస్తున్నారు. జబ్బుకు మూలం నిడివిలో ఉంది. మందు కూడా అక్కడే ఉంది.

మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి పేరు వచ్చింది కనుక, ఆ పాత్ర వేసిన పద్మనాభం గురించి చెప్పకుండా ముందుకు పోవడం కడప జిల్లావాళ్లకు సాధ్యం కాదు. 1931లో పులివెందుల ప్రాంతంలోని సింహాద్రిపురంలో పుట్టిన ఆయనకు పాతాళభైరవి విడుదలయ్యేనాటికి ఇరవై ఏళ్లు నిండలేదు. గురువంటే భక్తీ వణుకూ సమానంగా ఉన్న ఆ శిష్యుడే, చచ్చిపడి ఉన్న మాంత్రికుణ్ణి సంజీవనితో మళ్లీ బతికిస్తాడు. అంటే కథలో భయం తిరిగి లేచింది హాస్యగాడి చేతి మీదుగా. అంత చిన్న వయసులో రంగారావు పక్కన నిలబడి, ఆ గొంతు ముందు తేలిపోకుండా నవ్వించగలిగిన నటుణ్ణి తరవాతి కాలం వట్టి కమెడియన్ అనే అరలో పెట్టి మూత వేసింది. ఆయన స్థాపించిన రేఖా అండ్ మురళీ సంస్థ 1965లో ‘దేవత’ తీసింది. 1967లో వచ్చిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గొంతు మొదటిసారి తెలుగువాళ్లకు వినిపించింది ఆయన నిర్మాణంలోనే. 1970లో ‘కథానాయిక మొల్ల’కు ఆయనే దర్శకత్వం వహించి, వాణిశ్రీతో మొల్ల పాత్ర వేయించాడు. రామాయణం రాసిన మొల్ల ఊరు గోపవరం, అదీ కడప జిల్లాలోనిదే. పండితులూ విశ్వవిద్యాలయాలూ చేయవలసిన పనిని, మొల్లను మామూలు జనం దగ్గరికి చేర్చే పనిని, సింహాద్రిపురం నుంచి వెళ్లిన ఒక హాస్యనటుడు నెత్తికెత్తుకున్నాడు. జిల్లా బడుల్లో మొల్ల పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ పద్మనాభం పేరు కూడా చెప్పాలి, వీలుంటే ఆ సినిమా కూడా పిల్లలకు చూపించాలి.