నాన్న షేర్లు, ఆ రాత్రి విమానం

మా నాన్న విశాఖ పోర్టులో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బు చాలావరకు బ్యాంకు డిపాజిట్లలోనే వేశారు. కొంత మాత్రం షేర్లలో పెట్టారు. వాటిలో ఒక విమాన కంపెనీవే ఎక్కువ. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను.

ఎవరో చెప్తే కొన్నవి కావు అవి. మూడు నెలలకోసారి వచ్చే ఫలితాలు ప్రింటు తీయించి, పాత డైరీల్లో పట్టికలు గీసుకునేవారు. ఒక సీటును ఒక కిలోమీటరు మోయడానికి ఎంత ఖర్చవుతోంది, సీట్లు ఎన్ని నిండుతున్నాయి, అప్పెంత, చేతిలో నగదెంత అన్నీ అందులో ఉండేవి. మరి సర్వీసు సంగతేమిటని అడిగితే, "టైముకి దింపుతున్నారా లేదా అన్నది చూడాలమ్మా. రాజభోగాలు చేసినవాళ్లు నిలబడలేదు" అనేవారు.

ఆ మాట వెనక ఆయన చూసిన చరిత్ర ఉంది. కింగ్‌ఫిషర్ విమానాలు 2005లో మొదలయ్యాయి. సీటు సీటుకీ టీవీ, కడుపునిండా భోజనం. 2012 అక్టోబరులో ఆగిపోయాయి. అప్పటికే ఉద్యోగులకు నెలల తరబడి జీతాల్లేవు. జెట్ ఎయిర్‌వేస్ 1993 నుంచి నడిచింది, మర్యాదకు పేరు తెచ్చుకుంది. 2005లో షేరు 1,100 రూపాయలకు జనానికి అమ్మింది. 2019 ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబయి వచ్చిన విమానంతో దాని పని ఆగింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మేసి బాకీలు తీర్చమంది. అలా అమ్మినప్పుడు ముందు ప్రక్రియ ఖర్చులు, ఆ తర్వాత కార్మికులు, బ్యాంకులు, మిగతా ఉద్యోగులు, ప్రభుత్వం, ఇతర బాకీదార్లు. మామూలు షేరున్నవాడు అందరికన్నా ఆఖర్న. వాడిదాకా మామూలుగా ఏమీ మిగలదు.

మన దేశంలో విమానం నడపడం అంత కష్టం. ఖర్చులో 30 నుంచి 40 శాతం ఇంధనానికే పోతుంది. దాని మీద పన్ను రాష్ట్రానికో తీరు. విమానాల అద్దెలు డాలర్లలో కట్టాలి, టికెట్ డబ్బు రూపాయల్లో వస్తుంది. అందుకే ఖర్చు తక్కువ పెట్టే కంపెనీయే బతికి బట్టకడుతుందని నాన్న లెక్క. ఆ లెక్క తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

తర్వాత నాన్నకు నోటి క్యాన్సర్ అని తేలింది. ముంబయిలో ఆపరేషన్. నాలుకలో చాలా భాగం తీసేశారు, మెడ కోసి గడ్డలు తీశారు. మాట పోయింది. తిండికి ముక్కులోంచి గొట్టం వేశారు. ఆ ఖర్చు మోసింది ఆ షేర్లే. సగం అమ్మాం, బిల్లు కట్టాం. ఆ కంపెనీ వల్ల మాకు జరిగిన మేలు కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఇంటికి బయల్దేరింది కూడా ఆ కంపెనీ విమానంలోనే. ముంబయి నుంచి విశాఖకు, రాత్రి విమానం. వీల్‌చైర్ ముందే బుక్ చేశాను. గొట్టంలోంచి రెండు మూడు గంటలకోసారి పల్చటి ఆహారం పోయాలి. దారికి సరిపడా రాగిజావ వడకట్టి ఫ్లాస్కులో పోసుకున్నాను. పెద్ద సిరంజి, డాక్టరు రాసిచ్చిన కాగితం బ్యాగులో ఉన్నాయి.

గంట ఆలస్యమన్నారు. ఆ గంట గడిచాక ఇంకో గంటన్నారు. వీల్‌చైర్ తోసిన అబ్బాయి వేరే విమానానికి కావాలని, నాన్నను గేటు దగ్గర ఇనప కుర్చీలో కూర్చోబెట్టి బండి తీసుకెళ్లిపోయాడు. మెడకు కుట్లున్న మనిషి ఆ కుర్చీలో తల వాల్చడానికి లేదు, పడుకోవడానికి లేదు. అర్ధరాత్రి దగ్గరపడుతుండగా విమానం రద్దయిందని చెప్పారు. పైలట్ల డ్యూటీ టైము అయిపోయిందట, బదులు పంపడానికి ఎవరూ లేరట. ఆ వేళకి విశాఖకు వేరే కంపెనీ విమానమూ లేదు.

విమానం నిండా జనం ఆ గేటు దగ్గర. వాళ్లకు సమాధానం చెప్పడానికి ఇద్దరు అమ్మాయిలు. అందరికీ శాండ్‌విచ్, జ్యూస్ డబ్బా పంచారు. నాన్న ఒళ్లోనూ ఒకటి పెట్టారు. ఆయన దాన్ని చూసి, పక్కసీట్లో పిల్లాడికి ఇచ్చేశారు.

జావ అయిపోయింది. కాఫీ షాపులో చక్కెర లేని పాలు అడిగి తెచ్చాను. మరీ వేడిగా ఉంటే గొట్టంలో పోయకూడదు, అందుకని చల్లారేదాకా కప్పు నుంచి కప్పుకి తిరగపోశాను. ప్రొటీన్ పొడి కలిపితే ఉండలు కట్టింది. ఉండ అడ్డుపడితే గొట్టం మూసుకుపోతుంది, దాన్ని మార్చాలంటే ఆస్పత్రికే పోవాలి. ఉతికిన చేతిరుమాలు ఒకటి బ్యాగులో ఉంటే దాంతో వడకట్టాను. ఒక చేత్తో నాన్న వీపు నిటారుగా పట్టుకోవాలి, ఇంకో చేత్తో సిరంజి ఎత్తి పట్టుకోవాలి, పాలు పోయడానికి మూడో చెయ్యి లేదు. గేటు దగ్గరున్న అమ్మాయిల్లో ఒకామె చూసి, జనాన్ని దాటుకుని వచ్చి పోసింది. చేతులు వణుకుతున్నాయి ఆమెకి. "పొద్దుట్నుంచి మేమిద్దరమే ఉన్నాం మేడం" అంది హిందీలో. ఆమెను నేను ఒక్క మాటా అనలేకపోయాను, అనకూడదు కూడా.

నియమాల ప్రకారం రద్దయితే వేరే విమానమో డబ్బు వాపసో ఇవ్వాలి, ఆగినంతసేపూ తిండి పెట్టాలి, రాత్రయితే బస చూపాలి. ముందుగా చెప్పకుండా, తమ వల్లే రద్దు చేస్తే పరిహారమూ కట్టాలి. అది 5 వేల నుంచి 10 వేల రూపాయల దాకా. అసలు చార్జీ, ఇంధనం చార్జీ కలిపి అంతకన్నా తక్కువైతే అంతే ఇస్తారు. హోటల్‌కు బస్సు వచ్చేసరికి తెల్లవారుతోంది. పరిహారం కోసం తర్వాత ఎన్నో మెయిళ్లు రాయాల్సివచ్చింది.

ఆ ఎదురుచూపులో నాన్న నోట్‌బుక్ అడిగారు. మందు కావాలేమో, నొప్పేమో అనుకున్నాను. "మిగతా షేర్లు అమ్మొద్దు" అని రాశారు. నాకు ఒళ్లు మండింది. ఈ స్థితిలో కూడా ఇదేనా నాన్నా అన్నాను. ఆయన ఆగమని చేత్తో సైగ చేసి, కింద ఇంకో వాక్యం రాశారు: "ఇక్కడ ఇద్దరే. అందుకే అక్కడ లాభం."

ఆ కాగితం నా దగ్గరుంది. నాన్న పట్టికల్లో ఉద్యోగుల ఖర్చు తక్కువ అని టిక్కు పెట్టిన గడికి అర్థం నాకు ఆ గేటు దగ్గర తెలిసింది. అదనంగా ఒక పైలట్ లేకపోవడం, ఇంకో వీల్‌చైర్ లేకపోవడం, మూడో అమ్మాయి లేకపోవడం, ఇవన్నీ కలిస్తేనే ఆ మంచి అంకె. 2025 డిసెంబరు మొదట్లో దేశమంతా దీన్ని చూసింది. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రి ల్యాండింగులు తగ్గించిన నియమాలకు తగ్గట్టు సర్దుకోలేక ఇండిగో వేలాది విమానాలు రద్దు చేసింది. టికెట్ ధరలకు ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టాల్సివచ్చింది.

విశాఖ చేరాక నాన్నకు దగ్గు, జ్వరం వచ్చి మళ్లీ ఆస్పత్రిలో చేర్చాం. ఆ రాత్రి కూర్చున్న తీరు వల్లేనని డాక్టర్లు చెప్పలేదు, నేనూ చెప్పను. కోలుకున్నారు.

ఆ తర్వాత ఫలితాలు నేనే చదవడం మొదలుపెట్టాను. కంపెనీ వాళ్లతో విశ్లేషకులు మాట్లాడిన కాల్ రాతప్రతి దొరికితే అదీ చదివాను. ఇంధనం, డాలరు, చార్జీలు, కొత్త రూట్లు, అన్నీ అడిగారు. సిబ్బంది లేక ఆఖరి గంటల్లో రద్దయినవి ఎన్ని అని ఎవరూ అడగలేదు. షేరు ధర మా రాత్రికి పైసా కదల్లేదు. ఈ షేరు భవిష్యత్తు ఎలా ఉంటుందని అడిగితే బాగుంటుందనే చెప్పాలి, ప్రయాణికుడికి వేరే దారి లేనంత కాలం. ఆ మాట చెప్పడానికి నాకు కష్టంగా ఉంటుంది. నేను అమ్మేద్దామంటున్నాను. నాన్న ఒప్పుకోవడం లేదు. ఇంట్లో ఈ వాదన తెగలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరం ఒక్కటయ్యాం. వార్షిక సమావేశం ఆన్‌లైన్లో జరుగుతుంది. ముందుగా పేరు నమోదు చేసుకున్న షేరుదారులు మాట్లాడొచ్చు. నాన్నకు మాట లేదు. ఆన్‌లైన్ సమావేశానికి ఆయన బదులుగా ప్రాక్సీని పెట్టుకునే వీలు లేదు. ప్రశ్నలు మెయిల్‌లో పంపొచ్చన్నారు. నాన్న రాశారు, నేను టైప్ చేశాను. సూచనలు పరిశీలిస్తామని మిగతావాళ్ల ప్రశ్నలతో కలిపి ఒకే జవాబు చదివారు.

ఈ ఏడాది మళ్లీ పంపాం. ఈసారి ఒక్కటే అడిగాం. పోయిన సంవత్సరం వీల్‌చైర్ బుక్ చేసుకున్న ప్రయాణికుల్లో ఎంతమంది, విమానం రద్దయిన రాత్రి, ఏర్పోర్టులోనే తెల్లవారేదాకా ఉండిపోయారు? ఆ అంకెను వచ్చే వార్షిక నివేదికలో, లాభం అంకె ఉన్న పేజీలోనే వేయమని కోరాం.