చదువు మానినవాడి వాటా

బీహారు ప్రభుత్వం 2016 అక్టోబరు 2న ఒక పథకం ప్రారంభించింది. పేరు కాస్త పొడుగు: ముఖ్యమంత్రి నిశ్చయ స్వయం సహాయతా భత్తా యోజన. ఇంటర్ పాసై, పై చదువుకు పోకుండా, పని దొరక్క వున్న 20 నుంచి 25 ఏళ్లవాళ్లకు నెలకు 1000 రూపాయల చొప్పున రెండేళ్లపాటు ఇస్తారు. నిరుద్యోగ భృతులు మన దేశంలో చాలా వచ్చాయి, చాలా పోయాయి. కాని పై చదువు చదవకపోవటాన్నే అర్హతగా పెట్టుకున్నవి అరుదు.

సరిగ్గా రెండేళ్లకు, అదే గాంధీ జయంతినాడు, ఆంధ్రప్రదేశ్‌లో యువనేస్తం మొదలైంది. అక్కడా 1000 రూపాయలే. 2019 ఎన్నికల ముందు 2000 చేశారు. అయితే డిగ్రీగాని డిప్లొమాగాని లేనివాడు దరఖాస్తు పెట్టటానికే వీల్లేదు. ఆ ఏడే ప్రభుత్వం మారింది, పథకమూ పోయింది. తెలంగాణలో 2018 ఎన్నికలప్పుడు ఇస్తామన్న 3016 రూపాయలు 2023 దాకా మాటగానే వుండిపోయాయి.

నన్ను ఆలోచింపజేసింది ఈ మొత్తాలు కావు, ఆ డిగ్రీ నిబంధన. దాని మూలం మన మాటలోనే వున్నది. కూలి దొరకని రోజున కూలివాణ్ణి మనం నిరుద్యోగి అంటామా? అనం. వాడికి "పనిలేదు", అంతే. ఇంకాస్త కోపం వస్తే "తిరుగుబోతు" అంటాం. నిరుద్యోగి అనిపించుకోవాలంటే ముందు వుద్యోగానికి తగినవాడై వుండాలి. వుద్యోగమంటే కుర్చీ, కాగితం. "కన్యాశుల్కం"లో వెంకటేశం ఇంగ్లీషు చదువుకు అయ్యే ఖర్చు చూసి అగ్నిహోత్రావధాన్లు గింజుకోవటం మనకు నవ్వు తెప్పిస్తుంది. కాని చదువును పెట్టుబడిగానూ, వుద్యోగాన్ని లాభంగానూ లెక్కవేసే ఆ బేరం నూరేళ్లు దాటినా మన ఇళ్లలో అలాగే సాగుతున్నది. ప్రభుత్వాలు చేసిందల్లా ఆ బేరానికి జీవో రూపం ఇవ్వటమే.

ఈ విషయం స్టాఫ్ రూములో ఎత్తితే మిత్రులు, అందులోనూ అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్లే, అభ్యంతరం చెప్పారు. చదువు మానినవాడికి భత్యం ఇవ్వటమంటే మానెయ్యమని లంచం ఇవ్వటమేనట. పేదవాళ్ల పిల్లలు కాలేజీకి రావటానికి ఎన్ని పోరాటాలు జరిగాయో మరిచిపోవద్దట. రెండో మాట నేను కాదనను. మొదటి మాటకే లెక్క కావాలి. నెలకు 1000 అంటే రోజుకు 33 రూపాయలు. దీనికోసం కాలేజీ మానేసే కుర్రవాణ్ణి నాకెవరైనా చూపించాలి! వాడు మానేసేది ఇంట్లో అప్పు వున్నందువల్ల, తండ్రి మంచాన పడ్డందువల్ల, లేదా ఈ డిగ్రీ తనకు అన్నం పెట్టదని మనకన్నా ముందే గ్రహించినందువల్ల.

మా కాలేజీలో ఇంటర్ చదివిన ఒక కుర్రవాడు కిందటేడు జూన్‌లో టీసీ తీసుకోవటానికి వచ్చాడు. తెలుగులో మంచి మార్కులు. పద్యం చదివితే వినాలనిపించేది. డిగ్రీలో చేరవేంరా అన్నాను. "మోటార్లు వైండింగు చేసే షాపులో చేరాను మేష్టారూ. మూడేళ్లు డిగ్రీ చదివినా మళ్లీ ఆ షాపుకే పోవాలి. అప్పటికి నేర్చుకునే వయసు దాటిపోతుంది" అన్నాడు. జీతమెంత అని అడిగితే నవ్వాడు. మొదటి ఏడాది టిఫినూ, బస్సు చార్జీలూనట.

వాడు డిగ్రీలో చేరివుంటే ఫీజు ప్రభుత్వం కట్టేది. 2008 నుంచి ఏదో ఒక పేరుతో ఫీజు రీయింబర్స్‌మెంటు నడుస్తూనే వున్నది, నడవాలి కూడాను. కాని చేరనందుకు వాడికి దక్కింది సున్న. పని నేర్చుకోవటం చదువు కాదా? 1961 నాటి అప్రెంటిస్ చట్టం వున్నది కదా అంటారు. ఆ చట్టం కింద అప్రెంటిస్‌లను విధిగా పెట్టుకోవలసింది 30 మందీ, అంతకు పైనా పనిచేసే సంస్థలే. ఇద్దరు మనుషులూ నాలుగు రాగితీగ చుట్టలూ వున్న షాపు దాని కంటికి ఆనదు. మన పట్నాల్లో పని నేర్పే బడులు ఎక్కువభాగం అలాంటి షాపులే.

అందుకని బీహారు పథకాన్ని నెత్తిన పెట్టుకొమ్మని నేననటం లేదు. దాని లోపం వయసులోనే వున్నది. ఇంటర్ పాసయ్యేది పదిహేడు, పద్దెనిమిదేళ్లకు. భత్యం మొదలయ్యేది ఇరవైకి. ఈ మధ్యకాలం ఏం తిని బతకాలి? బతకటానికి సూరత్‌కో ఢిల్లీకో రైలెక్కుతాడు. మన దగ్గరికీ వస్తాడు. 2020 మే నెలలో, లాక్‌డౌన్ నడుమ, దేశమంతా వలసకూలీలు ఇళ్లకు పోతూ వుంటే, బీహారులోని ఖగరియా నుంచి బియ్యం మిల్లుల హమాలీలను ప్రత్యేక రైల్లో తెలంగాణకు రప్పించుకున్నారు. వాళ్లలో ఇంటర్ పాసైనవాళ్లు ఎందరో ఎవరూ అడగలేదు. ఇక భత్యం పుచ్చుకునేవాడు తప్పనిసరిగా 240 గంటల శిక్షణ పొందాలి: మాట్లాడే తీరు, కంప్యూటరు, నడవడిక. చేతిపని లేదు! అదే రోజున మొదలైన మరో పథకం కింద పై చదువు చదివేవాడికి 4 లక్షల దాకా అప్పు ఇస్తారు. చదవనివాడికి రెండేళ్లకు 24 వేలు. 2025 సెప్టెంబరులో, ఎన్నికల ముంగిట, ఈ భత్యాన్ని డిగ్రీ పాసైన నిరుద్యోగులకూ వర్తింపజేస్తామన్నారు. సంతోషమే. కాని మళ్లీ కుర్చీ మనుషులే వరస ముందుకు వస్తారేమోనని నా అనుమానం.

శిక్షణ పేరుతో భత్యాన్ని బిగించే విద్య బీహారు కనిపెట్టింది కాదు. 1988లో బ్రిటన్‌లో థాచర్ ప్రభుత్వం బడి మానిన 16, 17 ఏళ్లవాళ్లలో చాలామందికి అంతవరకూ వస్తున్న సహాయం తీసేసి, శిక్షణ పథకంలో చేరితే అక్కడ భత్యం వుందన్నది. చేరనివాడి పూచీ తమది కాదన్నది.

నేనడిగేది వేరు. పద్దెనిమిదో ఏటినుంచే ఇవ్వాలి. చిన్న షాపులో పని నేర్చుకునేవాడికీ ఇవ్వాలి. తిరిగి కాలేజీకి రావాలనుకుంటే తలుపు తెరిచి వుండాలి. డిగ్రీ వున్నదా అని అడగకూడదు.

దీన్ని మన అధ్యాపక సంఘాల మహాసభల్లో తీర్మానంగా పెట్టమంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఏటా ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం వూళ్లమీద తిరుగుతున్నది మనమే. పిల్లలు తగ్గితే సెక్షన్లు పోతాయి, సెక్షన్లు పోతే పోస్టులు పోతాయి. ఆ భయం పైకి అనకుండా "విద్యా వ్యాప్తి" అంటాం. సభలో ఎవరో ఒకరు లేచి ఆ సెక్షన్ల లెక్క పైకే అంటే బాగుండును. అప్పుడైనా వాదన అసలు విషయం మీద మొదలవుతుంది.