రెండు మెట్ల నడుమ

ఆదివారంనాడు ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు కాలిబాటలపై పాత పుస్తకాలు పరుస్తారు. నాంపల్లి వైపునుండి నడచి వచ్చి, అట్టలూడిన ప్రబంధాలకూ చిరిగిన వ్యాకరణాలకూ బేరమాడడం నాకు చిరకాలపు వ్యసనం. ఒకనాడు నిఘంటువుల మధ్య ఒక గ్రామఫోను రికార్డు కనబడింది. హెర్బీ హాన్‌కాక్ అనే అమెరికా వాద్యకారుని ‘హెడ్ హంటర్స్’, 1973 నాటిది. పద్యాలు చెప్పుకొని బ్రతికినవానికి దీనితో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. అట్టమీది వింత బొమ్మ చూసి కొన్నాను, అంతే.

అందులో మొదటి రచన పేరు ‘కమీలియన్’, అనగా ఊసరవెల్లి. పదిహేను నిమిషాలకు పైగా సాగుతుంది. సాహిత్యం లేదు. మంద్రస్థాయిలో ఒక చిన్న స్వరపంక్తి మొదలై, మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. గిటారు అనుకున్నాను. కాదట, ఏఆర్‌పీ ఒడిస్సీ అనే సింథసైజరు. పునరుక్తి దోషమని మాకు గురువులు నేర్పారు. ఈ ‘ఫంక్’ సంగీతానికి పునరుక్తే ప్రాణం. ఆవర్తంలో తొలి దెబ్బమీద బరువు పెట్టడం జేమ్స్ బ్రౌన్ దీనికి నేర్పిన నడక. మన సమం వంటిదే.

ఆ రుచి మరిగి మరికొన్ని విన్నాను. క్లావినెట్ అనే వాద్యమున్నది. మెట్టు నొక్కితే దానికింది రబ్బరు ముక్క లోపలి తీగను లోహంపై అదుముతుంది. ఆ కంపనాన్ని విద్యుత్తు పెద్దది చేస్తుంది. బిల్లీ ప్రెస్టన్ ‘అవుటా స్పేస్’లో దానిని వాయించిన తీరు వింటే సర్వలఘు కందం చదివినట్లుంటుంది. సరిపాదాల చివర తప్ప ఎక్కడా గురువు నిలువదు.

అయితే నన్ను కట్టివేసినది వేరు. 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజరుకు ఎడమవైపున ఒక చక్రమున్నది. దానిని త్రిప్పితే పలుకుతున్న స్వరం వంగుతుంది. మెట్టుకూ మెట్టుకూ నడుమనున్న చోటు చేతికి అందుతుంది. 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ ఇటువంటి యంత్రాలతోనే పది రాగాలను డిస్కో తాళానికి కట్టాడు. ఆనాడు పట్టించుకున్నవారు తక్కువ. 2010లో పునర్ముద్రణ వచ్చాక లోకం మెచ్చుకున్నది. నాకు మాత్రం ఆ యాంత్రిక తాళం కంటె ‘కమీలియన్’లో మనిషి చేత్తో కొట్టిన డ్రమ్ములే ఇంపు.

ఆ నడిమి చోటుకోసం మా నాయనగారు జీవితమంతా వెదికారు. ఆయన మా ఊరి నాటక సమాజంలో హార్మోనిస్టు. నటుడు పద్యం ఎత్తుకోవడానికి శ్రుతి ఇచ్చేదీ, రాగం తీస్తూ ఊపిరి చాలనప్పుడు ఆదుకొనేదీ ఆయన పెట్టెయే. కాని హార్మోనియంలో ఒక్కొక్క రీడుకు ఒక్కటే స్వరం, గమకం పలుకదు. ఆకాశవాణి 1940లో ఆ వాద్యాన్ని నిషేధించడానికి చెప్పిన కారణాలలో ఇదొకటి. ఒక పండితుడు మా అరుగుమీదనే కూర్చుండి, “ఈ పెట్టెలో సంగీత మెక్కడిదయ్యా?” అన్నాడు. నాయనగారు బదులు చెప్పలేదు. ఆ రాత్రి దీపం తగ్గించి, ప్రక్క ప్రక్క మెట్లను రెప్పపాటులో తడుముతూ, తోడిలో గాంధారాన్ని ఊపడానికి చాలాసేపు ప్రయత్నించారు. నేను చాపమీద నిద్ర నటిస్తూ విన్నాను.

ఆయన 1969లో గతించారు. మరుసటి ఏడు మినీమూగ్ వచ్చింది. ఆపై ఏడు, 1971లో, రేడియోలో నిషేధం సడలింది.